పుస్తకంలో లేని ఎత్తు

నాకు ముక్కుమీదే కోపం ఉంటుందని మావాళ్ళందరూ అంటారు. అయినా ఈ సంగతిని ఎంత నిదానంగా చెప్పగలనో అంత నిదానంగా చెబుతాను. ఎందుకంటే దీనిమీద శాఖాపరమైన విచారణ ఇంకా నడుస్తోంది. విచారణలో ఉన్న విషయం గురించి పత్రికలతో మాట్లాడకూడదని రూలు ఉంది. కథ రాయకూడదని మాత్రం లేదు. రూల్సు పుస్తకం రెండుసార్లు తిరగేసి మరీ చూశాను.

నా పేరు పెంకె అనసూయ. కాకినాడలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పద్నాలుగేళ్ళు లెక్కలు చెప్పాను. అందులో ఆరేళ్ళపాటు రోజూ కాలేజీకి వెళ్ళేముందు రెండు గంటలు కూర్చుని, చదరంగం ఆడే ప్రోగ్రాం ఒకటి రాశాను. దాని పేరు గడుసు. పేరు నేను పెట్టలేదు. మొదటిసారి నాతో ఆడినప్పుడు తన ఏనుగుని ఊరికే తినమని ఎదురుగా పెట్టింది. నేను సంబరపడిపోయి తిన్నాను. ఆరు ఎత్తుల్లో నా రాజుకి ఆటకట్టు. "ఓసి గడుసుదానా!" అన్నాను. ఆ పేరే ఉండిపోయింది.

గడుసు ఆలోచిస్తుంది. నేనిది వేస్తే వాడేం వేస్తాడు, దానికి మళ్ళీ నేనేం వేయాలి అని లక్షల దారులు వెతుక్కుని ఒకటి ఎంచుకుంటుంది. కాని ఆట మొదట్లో అంత వెతుకులాట దండగ. పదమూడో ఎక్కం నోటికి వచ్చినవాడు పదమూడు ఏడులు ఎంతని వేళ్ళు మడవడు కదా. అందుకని ఇలాంటి ప్రోగ్రాంలన్నిటికీ ఒక ఆరంభాల పుస్తకం ఇస్తారు. తలపండిన ఆటగాళ్ళు ఆడి తేల్చిన మొదటి ఎనిమిది, పది ఎత్తులు అందులో ఉంటాయి. అక్కడిదాకా ప్రోగ్రాం పుస్తకం చూసి వేస్తుంది. పుస్తకం అయిపోయాక సొంత బుర్ర వాడుతుంది.

ఆ పుస్తకం కట్టడం చూసినంత తేలిక కాదు. పెద్దవాళ్ళు ఆడారు కదా అని ఏది పడితే అది పెడితే ప్రోగ్రాం పుట్టి మునుగుతుంది. గడుసుకి బోర్డు ఇరుకైతే ఊపిరాడదు. ఖాళీ దొరికితే ఏనుగుల్ని భలే తిప్పుతుంది. కాబట్టి పుస్తకం దాన్ని చెయ్యిపట్టుకుని తీసుకెళ్ళి ఖాళీ ఉన్నచోట వదలాలి. ఒక్కో దారినీ తెల్లపావులతో వంద ఆటలు, నల్లపావులతో వంద ఆటలు వేరే ప్రోగ్రాంల మీద ఆడించి, ఓడిన దారులు కొట్టేస్తూ పోయాను. పదకొండు నెలలకి నాలుగొందల దారులతో ఒక చిన్న పుస్తకం మిగిలింది. ఆ పుస్తకంతో గడుసు పదింట ఏడు గెలిచేది.

ఇక దానికి గట్టి ప్రత్యర్థులు కావాలి. నాగపూర్‌లో ఏటా అఖిల భారత యంత్ర చదరంగ పోటీ జరుగుతుంది. ఏడు ఆటలు. దేశంలోని మంచి ప్రోగ్రాంలన్నీ అక్కడికే వస్తాయి. నా గడుసు ఒక్కసారి ఆ బల్లల ముందు కూర్చుని, తన బుర్రతో తాను ఆడితే చూడాలని నాకు మహా పిచ్చిగా ఉండేది. అయితే ఆ పోటీకి సంస్థల్నే రానిస్తారు, మనుషుల్ని రానివ్వరు.

సరిగ్గా ఆ ఏడాదే మన రాష్ట్రంలో చదరంగ యంత్ర వికాస మండలి అని ఒకటి పెట్టారు. ఎందుకు పెట్టారో అందులో పనిచేసేవాళ్ళకి కూడా తెలియదు. పక్క రాష్ట్రంలో ఉందిట, అదొక్కటే కారణం. కాకినాడలోనే పాత ఐసు ఫ్యాక్టరీ మేడమీద ఆఫీసు. వాళ్ళకి కార్యదర్శి ఉన్నాడు, సూపరింటెండెంటు ఉన్నాడు, పద్నాలుగుమంది డేటా ఎంట్రీ వాళ్ళున్నారు. చదరంగ యంత్రం ఒక్కటే లేదు. నా దగ్గర అదొక్కటే ఉంది. బాండు రాసిచ్చాను. గడుసు మండలి ఆస్తి అయింది, నేను మూడేళ్ళ సాంకేతిక సలహాదారునయ్యాను. సూపరింటెండెంటు చింతలూరి అప్పన్న గారు మా ఇంటికే వచ్చి, నా కంప్యూటర్‌లో ఉన్న కాపీని దగ్గరుండి చెరిపించి, చెరిపినట్టు నా చేత రసీదు రాయించుకుని, కాఫీ తాగి వెళ్ళారు.

"బెంగెట్టుకోకండి అనసూయ గారూ, మా దగ్గరికొచ్చిన వస్తువు ఎక్కడికీ పోదండి. వచ్చింది వచ్చినట్టే ఉంటది, ఆయ్," అన్నారు పోతూ పోతూ. అప్పుడది ధైర్యం చెప్పడం అనుకున్నాను.

కార్యదర్శి కర్రి నాగభూషణం గారు అంతకుముందు మత్స్యశాఖలో చేశారు. మంచి మనిషి. ఒకరిని పల్లెత్తు మాట అనరు. ఫైలు మీద సంతకం లేనిదే దగ్గు కూడా రానివ్వరు. మొదటిరోజు ఆయన ముందు గడుసుని ఆడించి చూపించాను. పది ఎత్తులు పుస్తకం ప్రకారం వేసి, పదకొండో ఎత్తుకి గడుసు తన బంటునొకదాన్ని వదిలేసి శకటుని బయటికి తెచ్చింది. నాకు ఆనందం పట్టలేదు. ఆయన మాత్రం కుర్చీలో ముందుకు జరిగారు.

"ఈ పదకొండో ఎత్తు ఎవరి ఆమోదంతో జరిగినట్టు?"

"ఎవరి ఆమోదమూ లేదు సార్. పదో ఎత్తుతో పుస్తకం అయిపోయింది. అది సొంతంగా ఆలోచించి వేసింది."

"అనగా, ప్రభుత్వ ఆస్తి అయిన ఒక యంత్రం, ఏ అధికారి సంతకమూ లేకుండా, తనంతట తాను నిర్ణయం తీసుకున్నది. అంతేకాక, తన ఆధీనంలో ఉన్న ఒక బంటును ప్రత్యర్థికి అప్పగించినది."

"అది ఎర సార్. వాడు తింటే నాలుగు ఎత్తుల్లో మనకి మంత్రి దొరుకుతుంది."

"దొరకవచ్చును, దొరకకపోవచ్చును. బంటు పోవడం మాత్రం నిర్ధారణ అయినది." ఆయన అప్పన్న గారి వైపు తిరిగారు. "మరి మొదటి పది ఎత్తులు?"

"అయ్యన్నీ పుస్తకంలో ఉన్నాయండి. పూర్వం పెద్దోళ్ళు ఆడినయ్యేనండి," అన్నారు అప్పన్న గారు.

కార్యదర్శి గారి ముఖం వికసించింది. పూర్వదృష్టాంతం ఉన్న పని చేయడం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు. ఆలోచన అవసరం లేకుండా పని జరిగే పద్ధతి చదరంగంలో కూడా ఉందని ఆయనకి ఆరోజే తెలిసింది. "అయితే సమస్య ఏమిటమ్మా? పుస్తకాన్ని ఆట చివరిదాకా పొడిగించండి," అన్నారు.

నేను నవ్వాను. ఆ గదిలో నేనొక్కదాన్నే నవ్వానని కాసేపటికి అర్థమైంది.

వారం తిరక్కుండా ఎత్తుల ఆమోద ఉపసంఘం ఏర్పడింది. ఇక ప్రతి ఎత్తుకీ ఒక ఫైలు. ప్రభుత్వంలో ఏది కొన్నా మూడు కొటేషన్లు పిలవాలి గనక, ప్రత్యర్థి వేయగల ఎత్తులు కూడా మూడే పరిశీలించాలని తీర్మానించారు. మూడింటికీ మనం ఏం వేయాలో తులనాత్మక పట్టిక తయారుచేసి, సంతకాలతో పుస్తకంలోకి ఎక్కించాలి.

"ఒక్కో ఎత్తుకి మూడు జవాబులంటే, మళ్ళీ ఒక్కోదానికి మూడు. పదో ఎత్తుకి వచ్చేసరికి యాభైతొమ్మిది వేల నలభైతొమ్మిది దారులవుతాయి సార్," అన్నాను.

"పద్నాలుగుమందిని ఊరికే కూర్చోబెట్టామన్న అపవాదు పోతుంది," అన్నారు కార్యదర్శి గారు.

ఉపసంఘంలో చదరంగం వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. వస్తే పక్షపాతం వస్తుందట. గుర్రం ఎత్తు దగ్గర మూడు వారాలు ఆగిపోయాం. గుర్రం తన ముందు నిలబడ్డ బంటుల్ని దాటి దూకుతోంది, ఇది సీనియారిటీకి విరుద్ధం కాదా అని ఒకాయన రాశారు. కోట కట్టడం దగ్గర ఇంకో పేచీ. రాజూ ఏనుగూ ఒకే ఎత్తులో కదులుతున్నారు, ఒకే ఉత్తర్వుతో రెండు బదిలీలు ఎలా చేస్తారని ఇంకొకాయన. దానికి నేను రెండు పేజీల వివరణ రాసిచ్చాను. "సాంకేతిక సలహాదారు వివరణ ఆవేశపూరితంగా ఉన్నది" అని పక్కన రాసి, కోట కట్టడాన్ని తదుపరి ఉత్తర్వుల వరకు నిలిపివేశారు.

నాలుగు నెలలకి ఆరో ఎత్తు దాటలేదు. పోటీ చూస్తే జనవరిలో. అప్పుడు కార్యదర్శి గారికి ఆ ఆలోచన వచ్చింది. ఆలోచన అనే మాటకి ఆయన ఒప్పుకోరు, "ప్రతిపాదన" అంటారు.

"ఎవరి ఎత్తుల్లోనైనా ఉత్తమమైనది ఒకటే ఉంటుంది కదా? అట్టి పరిస్థితిలో ప్రత్యర్థికి మూడు ఎత్తులు ఎందుకు మంజూరు చేయాలి? ఒక్కటే మంజూరు చేద్దాం."

"మంజూరు చేయడానికి వాడు మన ఉద్యోగి కాదు కదా సార్!"

"మన పుస్తకంలో ఉన్నంతవరకు మన పరిధిలోనే ఉన్నట్టు."

అంతే. యాభైతొమ్మిది వేల దారులూ ఒక్క దెబ్బతో పోయి ఒక్క దారి మిగిలింది. మనదొక ఎత్తు, వాడిదొక ఎత్తు, మనదొకటి, వాడిదొకటి. అలా నలభై మూడో ఎత్తుకి మనం గెలుస్తాం. నేను పదకొండు నెలలు పడి కట్టిన నాలుగొందల దారుల పుస్తకం పోయి, దాని స్థానంలో ఒక్క ఆట ఉన్న పుస్తకం వచ్చింది. దాన్ని ఎర్ర కాలికో బైండు చేయించారు. కార్యదర్శి గారు ముందుమాట రాశారు. మన యంత్రం నల్లపావులతో ఆడవలసి వస్తే ఏమిటి గతి అని అడిగాను. రెండో సంపుటం ముద్రణలో ఉందన్నారు.

ఇక పరీక్షలు. నేను నా పద్ధతిలో, పుస్తకం బలం ఒక్కటే తేలాలని గడుసు సొంత ఆలోచనని ఆ పరీక్షలవరకు ఆపి, బయటి ప్రోగ్రాంల మీద ఆడించాను. రెండో ఎత్తుకో మూడో ఎత్తుకో ప్రత్యర్థి పుస్తకంలో లేనిది వేసేవాడు, మన యంత్రం నోరు తెరుచుకుని చూసేది. రెండువందల ఆటలు, రెండువందల ఓటములు. ఆ నివేదిక పట్టుకుని వెళ్ళాను. ఇది చూశాకైనా కళ్ళు తెరుస్తారని నా ఆశ.

"ఈ పరీక్షలు చెల్లవు," అన్నారు కార్యదర్శి గారు. "ప్రత్యర్థి ఆమోదిత ఎత్తులు పాటించలేదు. నిబంధనలు పాటించని వారితో పోల్చి మన పనితీరును ఎలా అంచనా వేస్తాం?"

పరీక్షా విభాగం అని కొత్తగా పెట్టి, అందులో ఇంకో కంప్యూటర్‌లో అదే ఎర్ర పుస్తకం ఎక్కించి, రెండిటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. వెయ్యి ఆటలు ఆడించారు. వెయ్యి ఆటలూ ఒకటే ఆట. వెయ్యిసార్లూ నలభై మూడో ఎత్తుకి తెల్లరాజు గెలిచాడు. మన యంత్రం వెయ్యికి వెయ్యి గెలిచినట్టు నివేదిక వెళ్ళింది.

"ఓడింది కూడా మన యంత్రమే కదండీ!" అన్నాను, ఇక ఉండబట్టలేక.

"కాదండి," అన్నారు అప్పన్న గారు చాలా ఓపిగ్గా. "ఓడింది పరీక్షా విభాగం కిందికొస్తదండి. మనకి సంబంధం లేదు."

ఇంత జరిగినా నాకు ఒక్క ధైర్యం ఉండేది. పుస్తకం దాటితే గడుసు తన బుర్ర వాడుకుంటుంది కదా, నాగపూర్‌లో ఎలాగూ రెండో ఎత్తుకే దాటేస్తాం, ఆ పైన అంతా గడుసు రాజ్యమే అనుకున్నాను. ఆ మాట అప్పన్న గారితో అనడం నా బుద్ధితక్కువ. సాయంత్రానికి అది కార్యదర్శి గారి బల్లమీద ఫైలు రూపంలో ఉంది.

"ఆలోచన విభాగాన్ని ఎలా ఆపుతారు?" అని నన్ను పిలిచి అడిగారు.

అబద్ధం చెప్పి ఉండవలసింది. పద్నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన నోరు కదా, అడిగితే నిజం వచ్చేస్తుంది. సెట్టింగుల్లో ఒక అంకె ఉంటుందని, ఒకటి కొడితే ఆలోచిస్తుందని, సున్నా కొడితే ఆలోచించదని చెప్పాను. సున్నా కొట్టించారు. ఎవరైనా మళ్ళీ ఒకటి కొడితే ఎలాగన్న ప్రశ్న వచ్చింది. దానిమీద ఉపసంఘం అత్యవసరంగా కూర్చుని, కీబోర్డులోంచి ఒకటి అంకె మీటని పెకలించి, కవరులో పెట్టి, లక్క సీలు వేసి, కార్యదర్శి గారి బ్రీఫ్‌కేసులో భద్రపరచాలని తీర్మానించింది. స్క్రూడ్రైవర్‌తో ఆ మీట పెకలిస్తుంటే నా పన్ను పీకుతున్నట్టే ఉంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే అది కూడా ఆవేశపూరితం అని రాస్తారని బిగబట్టుకున్నాను.

"మరీ అంత నిర్దయగా లేం," అన్నారు కార్యదర్శి గారు. "పుస్తకంలో లేని ఎత్తు ఎదురైన పక్షంలో మీరు ఆలోచనానుమతి ఫారం మూడు ప్రతుల్లో సమర్పించండి. ఉపసంఘం కోరం ఉన్నచో ఫోనులో ఆమోదం తీసుకుని కవరు తెరుస్తాం. ఒక ఎత్తుకు ఒక ఫారం."

"ఆటకి మనకుండేది గంట సార్."

"గంటలో చాలా పనులు అవుతాయమ్మా."

ఆయన ఆఫీసులో గంటలో అయిన పని నేను ఒక్కటీ చూడలేదు. అయినా వెళ్ళాం.

నాగపూర్‌లో మొదటి ఆట కటక్ పోస్టాఫీసు తరఫున వచ్చిన మహాపాత్రో అనే పెద్దమనిషితో. మనకి తెల్లపావులు వచ్చాయి. రాజు ముందు బంటు రెండు గళ్ళు నడిపాం. ఆయన ప్రోగ్రాం అంచున ఉన్న బంటుని ఒక గడి నడిపింది. మన తెర మీద పెద్ద అక్షరాలతో పడింది: "తమరి ఎత్తు అందినది. పరిశీలనలో ఉన్నది."

నేను ఫారం నింపుతూ పరుగెత్తాను. కార్యదర్శి గారు కాకినాడకి ఫోను చేశారు. ఉపసంఘంలో ఒకాయన అన్నవరంలో ఎవరిదో పెళ్ళిలో ఉన్నారు, ఒకాయన ఫోను ఎత్తలేదు. కోరం లేదు. మన గడియారం నడుస్తోంది. మహాపాత్రో గారు అరగంట చూశారు, తర్వాత టీ తెచ్చుకున్నారు, ఆ తర్వాత నాకూ ఒకటి తెచ్చారు. "మీది చాలా లోతుగా ఆలోచించే యంత్రంలా ఉందమ్మా," అన్నారు మర్యాదగా హిందీలో. సిగ్గుతో చచ్చిపోయాను. గంట అయింది. ఓడిపోయాం.

రెండో ఆటలో నల్లపావులు. రెండో సంపుటం ముద్రణలోనే ఉంది గనక ప్రత్యర్థి మొదటి ఎత్తే పరిశీలనలో పడింది. మూడో ఆటలో కోరం దొరికింది కాని ఫారంలో "ఆలోచించవలసిన అవసరం ఏమి?" అన్న గడి నేను నింపలేదని వెనక్కి పంపారు. నాలుగులో ఆ గడి నింపాను, ఏం నింపానో ఇక్కడ రాయలేను. దాన్నీ వెనక్కి పంపారు. అయిదు, ఆరు కూడా అంతే. పక్క బల్లల వాళ్ళు మన బల్ల ముందు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు. "పరిశీలనలో ఉన్నది" అంటే ఏమిటని తెలుగు వచ్చినవాళ్ళని అడిగి తెలుసుకుని మరీ నవ్వుతున్నారు. కార్యదర్శి గారు మాత్రం ప్రతి సాయంత్రం నివేదిక పంపుతూనే ఉన్నారు: "నేటి ఆటలో మన యంత్రం ఒక్క తప్పు ఎత్తు కూడా వేయలేదు." అది అక్షరాలా నిజం.

ఏడో ఆట కోయంబత్తూరు కాలేజీ తరఫున వచ్చిన ఒక ప్రొఫెసర్ గారితో. ఆమె ప్రోగ్రాం అప్పటికి ఆరుకి ఆరూ గెలిచింది. దేశంలో దాన్ని మించింది లేదు. ఆరేళ్ళుగా గడుసుని ఏ బల్ల ముందు కూర్చోబెట్టాలని కలలు కన్నానో, ఆ బల్ల ముందే కూర్చున్నాం. మొదటి ఎత్తు వేశాం. ఆమె ప్రోగ్రాం మన పుస్తకంలో లేనిదే వేసింది. తెర మీద మళ్ళీ అదే శ్రీముఖం పడింది.

ఫారం పట్టుకుని చూస్తే కార్యదర్శి గారు లేరు. కమలాపళ్ళు కొనడానికి బజారుకి వెళ్ళారట. ఆయనతోపాటు బ్రీఫ్‌కేసు, అందులో కవరు, అందులో మీట. గడియారంలో పావుగంట అయిపోయింది.

ఎదురుగా ప్రొఫెసర్ గారు జాలిగా చూస్తున్నారు. ఎగతాళి చేస్తే భరించేదాన్ని. ఆ జాలికి నా ఒళ్ళు మండిపోయింది. ఆరేళ్ళ పొద్దుటిపూటలు గుర్తొచ్చాయి. కీబోర్డు వైపు చూశాను. పై వరసలో ఒకటి ఉండవలసినచోట బొక్క. ఇక్కడ నేనొక విషయం ఒప్పుకోవాలి. పెద్ద కీబోర్డుకి కుడివైపున అంకెలు మళ్ళీ విడిగా ఉంటాయి. అక్కడ ఇంకో ఒకటి ఉంది. పద్నాలుగుమంది డేటా ఎంట్రీ వాళ్ళు రోజూ కొట్టేది దాన్నే. మీట పెకలించిన రోజునే నేను దాన్ని చూశాను, ఉపసంఘంలో ఒక్కరూ చూడలేదు. నొక్కితే ఉద్యోగం పోతుంది, గడుసు శాశ్వతంగా బీరువా ఎక్కుతుంది. ఆ భయంతోనే ఆరు ఆటలు చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"పోతే పోనీ! ఇలా ఉండి ఏం ఉద్ధరించాలి," అని పైకే అనుకుని, సెట్టింగులు తెరిచి, కుడివైపు ఒకటి నొక్కాను.

గడుసు ఆలోచించింది. నలభై అయిదు నిమిషాల్లో మొత్తం ఆట ఆడాలి. మొదట కాస్త ఇరుకున పడింది. తర్వాత ఒక బంటు వదిలింది, దారి ఖాళీ అయింది. ఇరవై ఆరో ఎత్తుకి తన ఏనుగుని తీసుకెళ్ళి ప్రత్యర్థి బంట్ల మధ్య, నట్టనడుమ పెట్టింది. హాల్లో అందరూ లేచి మా బల్ల చుట్టూ చేరారు. నాకు అర్థం కాలేదు. ప్రొఫెసర్ గారికి అర్థం కాలేదు. ఆమె ప్రోగ్రాం ఏనుగుని తింది. ఎనిమిది ఎత్తుల తర్వాత ఆమె ఓటమి ఒప్పుకుని, లేచి నాతో చెయ్యి కలిపారు, వదలకుండా అలాగే పట్టుకుని, "ఇంతకాలం దీన్ని ఎక్కడ దాచారు?" అన్నారు. నేను వెక్కివెక్కి ఏడ్చాను. సంతోషంతో అంత ఏడుస్తారని నాకు తెలియదు.

కార్యదర్శి గారు రెండు డజన్ల కమలాపళ్ళతో వచ్చేసరికి హాలంతా చప్పట్లు. విషయం తెలుసుకుని ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"గెలిచామా!" అన్నారు. "ఎవరి అనుమతితో?"

తర్వాతివి చకచకా జరిగాయి. ఆమోదం లేని గెలుపు స్వీకరించలేమని, దాన్ని వాపసు తీసుకోవలసిందిగా కోరుతూ మండలి నాగపూర్‌కి లేఖ రాసింది. అలా తీసుకునే ఏర్పాటు లేదని వాళ్ళు జవాబు రాస్తూ, పోటీ మొత్తంలో అందమైన ఆటకి ఇచ్చే వెండి కప్పు పార్శిల్లో పంపారు. దాన్ని నేర సాక్ష్యంగా బీరువాలో పెట్టారు. ఓడిన ఆరు ఆటల్లో నిబంధనలు తూచా తప్పకుండా పాటించినందుకు కార్యదర్శి గారికి ప్రశంసాపత్రం వచ్చింది. నా మీద విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు కార్యదర్శి గారే. ఫిర్యాదుదారూ ఆయనే, మొదటి సాక్షీ ఆయనే. విచారణ ముగిసిన రోజున గడుసు ఆలోచన విభాగాన్ని శాశ్వతంగా చెరిపివేయాలని ఉత్తర్వులోనే రాశారు. ఆ వాక్యం దగ్గర నా చూపు ఆగిపోయింది. నా సస్పెన్షన్ సంగతి ఆ కింద వాక్యంలో ఉంది, దాన్ని సాయంత్రానికి గాని చదవలేదు.

మొదటి సిట్టింగులో నా వాంగ్మూలం ఒకటే మాట. "మీట నొక్కింది నేను. ఎత్తులు వేసింది మాత్రం నేను కాదు. ఆ ఏనుగు ఎత్తు నాకు ఈ జన్మలో తట్టదు. కావాలంటే దాన్నే అడగండి."

విసుగొచ్చి అన్న మాట అది. అప్పన్న గారు దాన్ని నోట్ ఫైల్లోకి ఎక్కించారు. యంత్రం రెండో నిందితుడు అయింది. సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఏ నిందితుణ్ణీ శిక్షించకూడదు. ఈ నిందితుడికి నోరు లేదు, ఎత్తులు వేయడం ఒక్కటే వచ్చు. కాబట్టి సంఘం ఎదుట నేరాన్ని మళ్ళీ చేసి చూపించాలి. అందుకు దాన్ని ఆలోచించనివ్వాలి. కవరు తెరిచి, లక్క సీలు ఊడదీసి, మీటని జిగురుతో అతికించారు. మా మండలిలో సస్పెన్షన్‌లో ఉన్నవాళ్ళకి తప్ప ఇంకెవరికీ ఆలోచించే వీలు లేదని అలా ఖాయమైంది.

మంగళవారం, శుక్రవారం సిట్టింగులు. నిందితుడికి ఎదురుగా ఆడేవాళ్ళు కావాలి గనక కార్యదర్శి గారే కూర్చున్నారు. మొదట ఎర్ర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఆడారు. గడుసు పుస్తకం పాటించదు కదా, పన్నెండో ఎత్తుకి ఆటకట్టు. "సాక్ష్యం అసంపూర్ణం. వాయిదా," అన్నారు. తర్వాతి శుక్రవారం పదిహేను ఎత్తులు నిలిచారు. వాయిదా. గుర్రం ఎలా నడుస్తుందో నన్ను పక్కకి పిలిచి మెల్లిగా అడిగారు. సంఘంలో మిగతా సభ్యులు ఇద్దరూ మూడో నెలనుంచి సంతకం పెట్టేసి వెళ్ళిపోతున్నారు. ఆయన మాత్రం మధ్యాహ్నం భోజనం డబ్బా ముందు పెట్టుకుని బోర్డు వైపే చూస్తారు. విచారణ గడువు పొడిగించమని ప్రతి నెలా అర్జీ పెట్టుకుంటున్నది నిందితురాలినైన నేనే. ఆయన చదవకుండా సంతకం పెడుతున్నారు. ఏనాడు ఇక చాలు, ముగించండి అంటారోనని మంగళవారం వస్తే చాలు, నాకు భయం.

మొన్నటిది ముప్పై ఎనిమిదో సిట్టింగు. గదిలో ఆయన, నేను, గడుసు. అప్పన్న గారు మినిట్స్ రాసే పని నాకు అప్పగించి వరండాలో కునుకు తీస్తున్నారు. ఆట పద్దెనిమిదో ఎత్తు దగ్గరుంది. కార్యదర్శి గారు పాతిక నిమిషాలు గడ్డం పట్టుకుని కూర్చున్నారు. తర్వాత, ముందుకు దూకించవలసిన గుర్రాన్ని వెనక్కి తెచ్చారు. నేను ఫక్కున నవ్వబోయి ఆగాను. మళ్ళీ చూశాను. గడుసు ఏనుగుకి ఎటూ దారి లేదు.

ఆయనకి మూడు సెకన్లలో జవాబు చెప్పే గడుసు ఈసారి చెప్పలేదు. అరనిమిషం అయింది. నిమిషం అయింది.

"ఏమైందమ్మా? చెడిపోయిందా?" అన్నారు ఆయన కంగారుగా.

"లేదు సార్. ఆలోచిస్తోంది. మీ ఎత్తుకి జవాబు దొరక్క ఆలోచిస్తోంది."

ఆయన ముఖంలోకి ఒక వెలుగు వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, అలా మురిసిపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఎర్ర పుస్తకం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

"ఇది మన పుస్తకంలో ఉందా?"

"లేదండి."

"మరి ఇంకెవరి పుస్తకంలోనైనా?"

"ఎక్కడా ఉండదేమో సార్. మీరే ఆలోచించి వేశారు."

ఆయన లేచి వరండాలోకి తొంగిచూశారు. తర్వాత నా వైపు వంగి, ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎవరితోనూ మాట్లాడి ఉండని గొంతుతో అన్నారు:

"మినిట్స్‌లో రాయకండమ్మా. ఆ తలుపు వేసి రండి."